కొత్త అరల్లో కాపురమున్న ఫార్మాల్డిహైడ్‌కు

ఫార్మాల్డిహైడ్!

నీకు రంగు లేదు, ఘాటు మాత్రం ఉంది. మా పొదిలిలో ఆ ఘాటే నిన్ను దాచిపెడుతోంది. ఇక్కడ కళ్లు మండితే మిరపకాయ, గొంతు గీరుకుంటే పత్తి దుమ్ము అంటాం. మూడో దొంగ ఇంట్లోనే ఉన్నాడని ఎవరికి తోస్తుంది?

మా అక్కవాళ్లు కొత్తింట్లో గోడలనిండా పార్టికల్ బోర్డు అరలు పెట్టించారు. పాపకు దగ్గు పట్టుకుంది. సిరప్పులు మారాయి, దగ్గు పోలేదు. ఉగాదికి మా అమ్మ దగ్గర, మిరపకాయలు ఆరబోసిన కళ్లం పక్కనే ఉన్న ఇంట్లో నాలుగు రోజులుంటే తగ్గింది! తిరిగొచ్చి తలుపులేసుకోగానే మళ్లీ మొదలు. నీ ఆనవాలు అదే: ఇల్లు దాటితే తగ్గడం, ఇంట్లోకొస్తే తిరగబెట్టడం. డాక్టరుకు దగ్గుతో పాటు కొత్త అరల సంగతీ చెప్పాలి.

చెక్కపొట్టును అతికించే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురులోంచి నువ్వు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఊరుతుంటావు. వేడీ ఉక్కా పెరిగితే నీ జోరూ పెరుగుతుంది. 2005 కత్రినా తుపాను బాధితులకు అమెరికా ప్రభుత్వమిచ్చిన ట్రైలర్ ఇళ్లలో నువ్వు నిండిపోతే, అక్కడి వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ పరీక్షించి, వేసవి రాకముందే వాళ్లను బయటికి తరలించమని 2008లో చెప్పింది. వాళ్ల వేసవికే అంత భయపడితే మా రోహిణి కార్తె మాటేమిటి? నువ్వు మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. ఘనమీటరు గాలిలో 0.1 మిల్లీగ్రాము దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

నిన్ను నీళ్లలో కలిపిన ఫార్మలిన్ చేపల్లో ఉందంటూ 2018లో అస్సాం ఆంధ్రా చేపలను ఆపేసినప్పుడు ఊరూరా నీ గురించే మాట్లాడుకున్నారు. చేపను వాసన చూసి కొనేవాళ్లం, పిల్లలు పడుకునే గదిలోని బీరువాను అడగనే అడగం. నా కోపమంతా అక్కడే.

నిన్ను అగరొత్తులతో కప్పిపుచ్చం. ఆ పొగలోనూ, దోమల చుట్ట పొగలోనూ నువ్వుంటావు. పొద్దునా సాయంత్రం ఎదురెదురు కిటికీలు తీస్తాం. కొత్త అరలను కాపురానికి ముందే కొన్ని వారాలు తెరిచి ఆరనిస్తాం. వెనకవైపు, అంచుల్లో బోసిగా వదిలేసిన బోర్డుకు లామినేట్ వేయిస్తాం. అయినా పాపకు ఆయాసం వస్తే ఆ అరను ఇంట్లోంచి తీసేస్తాం, ఎంత పోసి కొన్నా సరే.

దుకాణంలో ఇకపై రంగు, ధరతో పాటు బోర్డు నిన్ను ఎంత వదులుతుందో చెప్పే ఉద్గారాల గ్రేడూ అడుగుతాం. మూసిన షెడ్డులో రోజంతా ఆ బోర్డులు కోసే వడ్రంగి మా అందరికంటే ఎక్కువ నిన్ను పీలుస్తున్నాడు. అడగడం ముందు అతని కోసమే.

ఇట్లు,
పొదిలి నుంచి ఒక మేనమామ