బూడిదకు లేని వీసా

దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలితే దాని బూడిద పాత కర్నూలు జిల్లా జ్వాలాపురం దాకా వచ్చి పడింది. రానుపోను టికెట్ ఏదని దాన్ని ఎవరూ అడగలేదు. 1872లో విలియం కింగ్ కడప, కర్నూలు పేర్లతోనే ఇక్కడి రాళ్ల పొరల మీద గ్రంథం రాశాడు. ఆనాటి నుంచీ మా ఊళ్ల పేర్లు ప్రపంచ సభలకు పోతూనే ఉన్నాయి. పోలేనిది మనిషే.

మా రాయి గురించి అమెరికాలో మాట్లాడాలంటే మా పిల్లోడు ముందు హైదరాబాద్‌లో అమెరికా వీసా కిటికీ దగ్గర నిలబడాల. 185 డాలర్లు కట్టాల, వీసా రాకపోతే అవి గోవిందా. 2022 చివర్లో విజిటర్ వీసా ఇంటర్వ్యూకే రెండేళ్లు దాటి ఆగమన్నారు. సభ ఏడాదికోసారి, పిలుపు మూడో ఏడాదికి! తీరా పోతే, వలస పోయే ఉద్దేశం లేదని నిరూపించుకోమంటారు. ఊరితో బంధానికి రుజువేంది? పట్టాదారు పాసుపుస్తకంలో మూడెకరాల మెట్ట, అందులో ఎండిపోయిన రెండు బోర్లు. అవి చూసి ఎవడైనా వెనక్కొస్తాడా అని ఆ వీసా దొరకు అనుమానమొస్తే తప్పు పట్టలేం.

వేదిక ఎంచే పెద్దలు మాత్రం హాలు, హోటలు చూస్తారు, అతిథి గడప దాటగలడా అన్నది చూడరు. ఎయిడ్స్ మీద సభ పెట్టి, ఆ వైరస్ ఉన్నవాళ్లను దేశంలోకి రానిచ్చేది లేదంటే ఎట్లుంటుంది? అమెరికా అదే చేసింది. 1992లో బోస్టన్ సభను ఆమ్‌స్టర్‌డామ్‌కు మార్చుకున్నారు. నిషేధం 2010లో పోయాకే, 2012లో వాషింగ్టన్‌కు తిరిగొచ్చారు. 2018లో కృత్రిమ మేధ సభకు పోవాల్సిన ఆఫ్రికా పరిశోధకులు చాలామందికి కెనడా వీసాలివ్వలేదు. ఆ రంగంలోని మరో పెద్ద సభ ఐసీఎల్ఆర్ 2020కి అడిస్ అబాబా అంది, కోవిడ్ అడ్డొచ్చింది, చివరికి 2023లో కిగాలీలో జరిగింది. కదిలిస్తే కదులుతుందన్నమాట!

మనమేమన్నా తక్కువ తిన్నామా? బయటోడు ఇక్కడి సభకు రావాలంటే కాన్ఫరెన్స్ వీసా, దానికి ముందు సభ పెట్టేవాళ్లు ఢిల్లీలో విదేశాంగ శాఖ, ఒక్కోసారి హోం శాఖ గుమ్మాలు తొక్కాల. 2021 జనవరిలోనైతే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్లో అంతర్జాతీయ సభ పెట్టుకోవాలన్నా ముందస్తు అనుమతి అన్నారు. ఇంట్లో కూర్చుని తెరమీద మాట్లాడే మనిషి ఏ సరిహద్దు దాటుతాడో! గోల లేచాక వెనక్కి తీసుకున్నారు.

నా మాటింటే ఈసారి రాళ్ల సభను బేతంచెర్లలో పెట్టండి. ఓర్వకల్లు విమానాశ్రయానికి విదేశీ విమానాలు రావు కాబట్టి అన్ని దేశాలోళ్లూ సమానంగా అవస్థపడతారు. తిరిగి పోతారన్న గ్యారంటీ ఏందని ఎవరినీ అడగక్కర్లా. మే నెలలో పెడితే సరి.