స్టాంపు పడ్డ ఒళ్లు

నేను రేడియో లైసెన్సు పుస్తకాన్ని. భిలాయి క్యాంప్ 1లో ఓ ట్రంకుపెట్టె అడుగున, పాత రేషన్ కార్డు కింద పడి ఉన్నాను. నా యజమాని ఉక్కు ఫ్యాక్టరీలో పనికని శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి.

ఏడాదికోసారి నన్ను జేబులో పెట్టుకుని పోస్టాఫీసుకు వెళ్లేవాడు. ఇంటి రేడియోకి 15 రూపాయలు. గుమాస్తా నా పేజీలో లైసెన్సు స్టాంపు అంటించి, బంక ఆరకముందే తేదీ ముద్ర దబ్బున గుద్దేవాడు. సిరా సగం స్టాంపు మీద, సగం నా ఒంటి మీద. గడువు దాటితే అదనపు రుసుం. నేను లేకుండా సెట్టు ఇంట్లో ఉంచుకోవడమే 1933 నాటి చట్టం ప్రకారం నేరం. పాట వినడానికి ఇంత భయమా అనిపించేది నాకే!

1963లో రాయపూర్ ఆకాశవాణి వచ్చింది గాని, ఆయన చెవి తెలుగు మీదే. రాత్రిపూట మీడియం వేవ్ దూరాలకు పాకుతుంది కదా, గరగరల నడుమ విజయవాడ కోసం ముల్లు తిప్పుతూ కూర్చునేవాడు.

1967లో వివిధ భారతికి ప్రకటనలొచ్చాయి, రేడియోకి లైసెన్సు డబ్బే కాక మరో రాబడి దొరికింది. 1980ల నడుమ లైసెన్సే ఎత్తేశారు. నా పని అయిపోయింది.

మొన్న మనవరాలు అమెరికా నుంచి ఒక గుడ్డసంచి తెచ్చింది. మీద అక్కడి రేడియో స్టేషన్ పేరు. అక్కడ 1949లో బర్క్‌లీలోని కేపీఎఫ్ఏ శ్రోతల చందాలతోనే మొదలైందట. ఇప్పటికీ అలాంటి స్టేషన్లు కార్యక్రమం మధ్యలో ఆపి మరీ చందా అడుగుతాయి. ఇచ్చినవాళ్లకు సంచో, కాఫీ కప్పో పంపుతాయి. 2025లో అక్కడి ప్రభుత్వం ప్రజా రేడియో, టీవీలకిచ్చే 110 కోట్ల డాలర్ల సాయం వెనక్కి తీసుకున్నాక ఈ పిల్ల కూడా ఇచ్చిందట.

నాకు కాస్త కుళ్లు పుట్టిన మాట నిజం. ఈ క్యాంపులో వినాయకుడి పందిరికి రసీదు పుస్తకం పట్టుకొస్తే కాదన్న ఇల్లుందా? చందా ఇచ్చి ప్రసాదం తీసుకోవడం మనవాళ్లకు కొత్తా? ఆకాశవాణి ఆ రోజుల్లో మర్యాదగా అడిగి ఉంటే ఆయన 20 ఇచ్చేవాడు.

నాయనమ్మ సంచిని తిరగేసి, కుట్లు లాగి చూసింది.

"ఏటే అమ్మీ, డబ్బులెట్టి సంచి కొన్నావా?"

"కొనలేదు నాయనమ్మా. రేడియోకి చందా కడితే ఇచ్చారు."

"మీ తాత ఎన్నేళ్లు కట్టాడో! స్టాంపే గాని సంచి ఇచ్చినోడు లేడు. మళ్లీ కట్టినప్పుడు ఇంకోటి అడుగు. కూరలకి ఇదొక్కటీ చాల్దు."