చార్టు పెదనాన్న

వంశవృక్షం గీసే మనిషి ప్రతి తెలుగు కుటుంబంలోనూ తరానికొకడు తయారవుతాడు. పిల్లలు ఆయన్ను చార్టు పెదనాన్న అంటారు. తోడల్లుళ్ళు ఇంకోటి అంటారు. ఉద్యోగ విరమణ జరిగిన ఏడాదిలోపే లక్షణాలు బయటపడతాయి. బ్యాంకుల్లో, రైల్వేలో, ట్రెజరీలో పనిచేసినవాళ్ళకు ఇది త్వరగా సోకుతుంది. ముప్ఫై అయిదేళ్ళపాటు పరాయివాళ్ళ ఖాతాలు తేల్చినవాడికి సొంత ఖాతా తేలలేదన్న బెంగ పట్టుకోవడం సహజం. ఆడవాళ్ళలో ఈ జాతి అరుదు. ఎవరి కూతురు ఎవరి కోడలైందో వాళ్ళకు కాగితం అవసరం లేకుండానే తెలుసు.

ఆయన సామగ్రి స్వల్పం: గోడకు సరిపడా చార్టు కాగితం, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, ఒక వాట్సాప్ గ్రూపు, ఒక ట్రంకు పెట్టె. పెట్టెలో ప్రధానంగా పాత శుభలేఖలుంటాయి. వరుడు ఎవరి మనుమడు, వధువు ఎవరి పౌత్రి, ఏ ఊరివారు అన్నది అచ్చులో దొరికేది వాటిలోనే. అందుకే పెళ్ళికి పిలవనివాళ్ళనైనా క్షమిస్తాడు గాని, శుభలేఖ పారేసుకున్నవాళ్ళను క్షమించడు.

అన్వేషణ తద్దినంతో మొదలవుతుంది. తద్దినాలు పెట్టే ఇళ్ళలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు మంత్రంలో చెప్పక తప్పదు. వాళ్ళ భార్యల పేర్లూ చెప్పాలి. అంటే మూడు తరాలు పురోహితుడి పుణ్యమా అని ఉచితంగా దొరుకుతాయి. కష్టమంతా నాలుగో తరంతోనే. దానికి సాక్ష్యం చెప్పగలిగిన మనిషి సాధారణంగా అమలాపురం లాంటి ఊళ్ళో, తొంభై దాటి, చెవి వినపడకుండా ఉంటుంది. ఫోను సంభాషణ ఇలా సాగుతుంది:

"మామ్మా, మీ మావగారి నాన్నగారి పేరేమిటి?"

"తాతగారనేవాళ్ళంరా."

"అది సరే, అసలు పేరు?"

"పెద్దవాళ్ళ పేర్లు ఎత్తుతామట్రా ఎక్కడైనా!"

"పోనీ, ఊళ్ళోవాళ్ళు ఏమనేవాళ్ళు?"

"కరణంగారనేవాళ్ళు."

"మరి వాళ్ళావిడ?"

"ఆవిడ ఆయన్ని పిలవడం కూడానా! తలుపు గొళ్ళెం చప్పుడు చేసేది. అయినా పేరుదేముందిరా, నీకు పెట్టింది ఆయన పేరే కదా."

పరిశోధన ఇక్కడ కొంతసేపు ఆగుతుంది. ఆరు నెలలు వెతికిన పేరు తన ఆధార్ కార్డు మీదే దొరికిన మనిషికి కాఫీ అవసరమవుతుంది. అవతల మామ్మ ఫోను పెట్టేసి కొడుకును కేకేస్తుంది: "వాడెందుకో తాతల పేర్లు అడుగుతున్నాడు. ఆ కాలవగట్టు పొలం కాగితాలు ఎక్కడున్నాయో ఓసారి చూడు." చార్టు పెదనాన్న ఎవరి ఇంటికి ఫోను చేసినా ఆ ఇంట్లో బీరువా తెరుచుకుంటుంది.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల చార్టంతా రెండే పేర్లతో నిండుతుంది. వెంకటరామయ్య కొడుకు సూర్యనారాయణ, ఆయన కొడుకు వెంకటరామయ్య, ఆయన కొడుకు మళ్ళీ సూర్యనారాయణ. ఇనపెట్టెలోని దస్తావేజు మీద సంతకం పెట్టిన వెంకటరామయ్య వీళ్ళలో ఎవరన్నది తేలదు. ఊరు ఈ చిక్కును ఏనాడో విప్పుకుంది: నల్ల వెంకటరామయ్య, చెవిటి వెంకటరామయ్య, నశ్యం వెంకటరామయ్య. అయితే చార్టు అమెరికాలోని మనవలు కూడా చూస్తారు గనుక పెదనాన్న ఈ విశేషణాలు చెరిపేసి, ఒకటో, రెండో, మూడో అని రాజులకు వేసినట్టు అంకెలు వేస్తాడు.

రెండో చిక్కు మేనరికం. లెక్క ప్రకారం మనిషికి ముత్తాతలు, ముత్తవ్వలు కలిపి ఎనిమిది మంది ఉండాలి. మేనత్త కూతుర్నో మేనమామ కూతుర్నో చేసుకున్నవాళ్ళ పిల్లలకు ఆరుగురే ఉంటారు. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో పరిస్థితి ఇంకా ముదురుతుంది. అక్కడ పుట్టిన పిల్లవాడికి తండ్రి వైపు తాతే తల్లి వైపు ముత్తాత కూడా. భార్యను భర్త పక్కన రాస్తే ఒక తరం పైకి ఎక్కుతుంది, మేనకోడలిగా కింద రాస్తే కాపురం ఎక్కడ చూపాలో తెలియదు. చెట్టుకొమ్మలు విడిపోతూ పోవాలి గాని ఇక్కడ మళ్ళీ వచ్చి కలుస్తుంటాయి. విదేశీ వంశవృక్షాల సాఫ్ట్‌వేర్ ఇలాంటి మనిషిని రెండు చోట్ల అచ్చువేస్తుంది. పెదనాన్న ఎర్ర స్కెచ్ పెన్నుతో వాళ్ళిద్దరినీ కలుపుతాడు. నాలుగు మేనరికాలు అయ్యేసరికి చార్టు టెలిఫోను ఎక్స్ఛేంజిలా కనిపిస్తుంది.

తర్వాతి దశ కాగితాలు. బ్రిటన్‌లో నూరేళ్ళు దాటిన జనాభా లెక్కల్లో తాతల పేర్లు ఇంటింటికీ దొరుకుతాయి. మన జనాభా లెక్కల్లో మనుషులు అంకెలుగానే మిగిలారు, పేర్లున్న పత్రాలు దాచలేదు. బడి రిజిస్టర్లు చూస్తే ఆ కాలంలో పిల్లలంతా జూలై 1న పుట్టినట్టే ఉంటుంది. అది తల్లి కన్న తేదీ కాదు, మాస్టారు వేసిన తేదీ. కాస్త నమ్మదగినవి భూమి కాగితాలే. మద్రాసు రాజధానిలో 1858 తర్వాత ఇనాం కమిషన్ తయారుచేసిన రిజిస్టర్లలో ఇనాం మొదట ఎవరికి వచ్చింది, అప్పటికి ఎవరు అనుభవిస్తున్నారు, వాళ్ళిద్దరికీ చుట్టరికం ఏమిటి అన్నవి ఉంటాయి. తెలంగాణవారికి సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ ఆధారాలు. ఇనాం లేనివాడికి, పట్టా లేనివాడికి తాత కూడా లేనట్టే. 1984లో కరణం పదవులు రద్దయ్యాక గ్రామ లెక్కలు చేతులు మారాయి. చార్టు పెదనాన్నను అడిగితే, కావలసిన కట్ట ఆ మార్పిడిలోనే పోయిందంటాడు.

కాగితం లేనిచోట నోటిమాట ఉంది. కాపు, రెడ్డి కుటుంబాలకు ఇంటిపేర్లూ గోత్రాలూ పాడి వినిపించే పిచ్చకుంట్లవారు తరతరాలుగా ఈ పనే చేశారు. ఇప్పుడు వాళ్ళ అధికారిక నామం వంశరాజ్. గయలో, హరిద్వార్‌లో పండాలు యాత్రికుల వంశాలు పద్దు పుస్తకాల్లో రాసుకుంటారు. హరిద్వార్ పద్దుల్ని అమెరికాలోని యూటా వంశచరిత్ర సంఘం మైక్రోఫిల్ముగా కూడా తీయించింది. పెదనాన్న గయకు పోయి, పండా పుస్తకంలో తాతగారి సంతకం చూసి, కళ్ళొత్తుకుని, దక్షిణ దగ్గర బేరమాడి వస్తాడు.

ఇంత చేసినా చార్టు 1850 ప్రాంతంలో ఆగిపోతుంది. అక్కడినుంచి శ్రీకృష్ణదేవరాయల కొలువుదాకా చుక్కల గీత ఉంటుంది. గీతకు పై చివర ఒక దివాన్‌గారు నిలబడి ఉంటారు. రాయలు గతించింది 1529లో. తరానికి పాతికేళ్ళు వేసుకుంటే ఆ చుక్కల్లో సుమారు పదమూడు తరాలు ఇమిడి ఉన్నాయి. పదమూడు తరాల వెనక ఒక మనిషికి లెక్క ప్రకారం 8,192 మంది పూర్వీకులు ఉండాలి. మేనరికాలు తీసేసినా వేలల్లోనే ఉంటారు. వాళ్ళలో దున్నేవాళ్ళు, మోసేవాళ్ళు, అప్పులపాలైనవాళ్ళు బోలెడు. పెదనాన్నకు మాత్రం వీళ్ళందరిలో ఒక్కరే కనిపిస్తారు, ఆయనా దివానే. ఆ పైన చుక్కలు కూడా అక్కర్లేదు, దివాన్‌గారి నెత్తిమీద నేరుగా గోత్రఋషి కూర్చుంటాడు.

చార్టుకు కింద కుడి మూలన పెన్సిలుతో రాసిన ఒక కొమ్మ ఉంటుంది. అది సముద్రం దాటినవాడిది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కుటుంబాల్లో ఈ కొమ్మ తరచు కనిపిస్తుంది. ఇది రెండు రకాలు. మొదటివాడు "రంగం పోయాడు", అంటే రంగూన్. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. కాకినాడలోనో విశాఖలోనో స్టీమరు ఎక్కడానికి టిక్కెట్టు, మేస్త్రీ దగ్గర అప్పు ఉంటే చాలు. పాసు లేదు, రిజిస్టరు లేదు. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన వేలమంది తెలుగువాళ్ళు జపాను బాంబులు పడ్డాక 1942లో కొండలూ అడవులూ పడి నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళ లెక్క ఏ చార్టులోనూ లేదు.

రెండోవాడు ఒప్పందపు కూలీ. 1834 నుంచి మారిషస్‌కు సుమారు నాలుగున్నర లక్షలమంది, 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ చేరింది మొదలు 1911 దాకా నేటాల్‌కు లక్షన్నర మంది, 1879 నుంచి ఫిజీకి అరవై వేలకు పైగా భారతీయులు ఇలా వెళ్ళారు. మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు మొదలైంది 1903లో. ఈ కూలీలకిచ్చే వలస పాసు మీద పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, దగ్గరి బంధువు ఎవరు, ఒంటి మీద గుర్తులేమిటి అన్నవన్నీ రాసేవారు. మారిషస్‌లో 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. అవి మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ఇలా, వంశం మొత్తంలో ఎత్తెంతో, మోకాలి మీద మచ్చ ఉందో లేదో తెలిసిన పూర్వీకుడు కూలీ ఒక్కడే. దివాన్‌గారికి మచ్చ మాట అటుంచి, మోకాలు ఉన్నట్టు కూడా ఆధారం లేదు.

ఈ కొమ్మకు వారసుడు అప్పుడప్పుడు మారిషస్ నుంచి స్వయంగా దిగుతాడు. అతనికి ఇంటిపేరు ఉండదు. ఓడ దిగినవాడి తండ్రి పేరో సొంత పేరో అక్కడ ఇంటిపేరుగా స్థిరపడింది. ముత్తాత పేరు అప్పలస్వామి అయితే సింహాచలం చుట్టుపక్కల వెతకవచ్చు. కాగితం మీద గంజాం జిల్లా, చికాకోల్ తాలూకా అని ఉంటే, పాపం, అతను ముందు ఒడిశాలోని గంజాం పోతాడు. చికాకోల్ అంటే శ్రీకాకుళమని, 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు గంజాం నుంచి అది విడిపోయిందని తెలిసేసరికి రెండు రోజుల సెలవు అయిపోతుంది. ఊళ్ళో అడుగుపెట్టగానే ఇక్కడా బీరువాలు తెరుచుకుంటాయి. అతనికి పొలం అక్కర్లేదు. రామభజనం పాడతాడు, సింహాద్రి అప్పన్న పూజ చేస్తాడు, కూలీ ముత్తాత ఫొటో పర్సులో పెట్టుకుని తిరుగుతాడు. పర్సులో పెట్టుకునే ముత్తాత పెదనాన్నకు లేడు. వచ్చినవాడు అక్కడ పెద్ద డాక్టరని తెలిశాక పెన్సిలు కొమ్మ సిరాలోకి మారుతుంది.

అమెరికా కొమ్మది వేరే సమస్య. అక్కడి మనవరాలు ఒక గొట్టంలో ఉమ్మి పోసి డీఎన్ఏ పరీక్షకు పంపుతుంది. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళ సంతతి దక్షిణాసియాకు చెందినదని జవాబు వస్తుంది. పరీక్ష వందలమంది కజిన్లను కూడా చూపిస్తుంది. తరాలుగా ఒకే కులంలో, దగ్గర సంబంధాల్లో పెళ్ళిళ్ళు జరిగినచోట దూరపువాళ్ళు కూడా దగ్గరివాళ్ళుగా తేలతారు. వాళ్ళందరినీ వాట్సాప్ గ్రూపులో చేర్చేది పెదనాన్నే.

చివరి దశ ప్రచురణ. చార్టు ఫ్లెక్సీగా అచ్చయి, ఏదో ఒక షష్టిపూర్తిలో వేదిక పక్కన నిలబడుతుంది. భోజనాలకు ముందే గొడవ మొదలవుతుంది. ఒకరి తాతకు రెండో పెళ్ళి రాశారు, ఒకరి తాతకు రాయలేదు. దత్తత పోయినవాణ్ణి రెండు ఇళ్ళవాళ్ళూ కాదన్నారు. ఆడపిల్లల సంతానం చార్టు పట్టలేదని వదిలేసినందుకు మేనత్తలంతా లేచి వెళ్ళిపోయారు. సాయంత్రానికి గ్రూపులో పెదనాన్న, కూలీ మునిమనవడు మిగులుతారు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఇంట్లో ఒక పెద్దాయన పోతాడు. పొలం పేరు మార్పించడానికి వంశవృక్షం తెమ్మని రెవెన్యూ ఆఫీసువాళ్ళు అడుగుతారు. జీవితంలో మొదటిసారి ఒక ప్రభుత్వ కార్యాలయం తనను ఇలాంటి కోరిక కోరినందుకు పెదనాన్న పదిహేడు తరాల చార్టు చుట్టుకుని ఆటోలో వెళ్తాడు. గుమాస్తా దాన్ని సగం విప్పి మళ్ళీ చుట్టేస్తాడు. "చనిపోయినవాళ్ళు ఇందరక్కర్లేదండీ. బతికున్న వారసులందరి సంతకాలూ తీసుకురండి."