రోజుకు ఒక శాతం మహాకవి

వంద రోజుల పాటు రోజూ రాసే ఛాలెంజ్‌లో సర్టిఫికెట్ కూడా ఇస్తారట. వంద రోజులూ తప్పకుండా రాసినవాళ్లకు బంగారు అంచు, తొంభై దాటినవాళ్లకు వెండి అంచు, ఆ లోపు చతికిలపడినవాళ్లకు ‘పాల్గొన్నారు’ అని ఒక ముక్క. మొదటి రెండు రకాలకూ శాలువా ఉంది. మూడో రకం శాలువా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఫీజు మాత్రం అందరికీ ఒకటే.

మొన్నమొన్నటిదాకా ఏడాదికో కథ రాసి, అదీ సంపాదకుడు నాలుగుసార్లు ఫోన్ చేసి బతిమాలితే గానీ పంపని పెద్దమనుషులు, ఇప్పుడు తెల్లారేసరికి ‘డే 14’ అని నెత్తిన అంకె వేసుకుని ప్రత్యక్షమవుతున్నారు. కథకు పేరుండదు. అంకె ఉంటుంది. కింద వ్యాఖ్యలు కూడా అంకెకే. ‘సూపర్ అన్నా, పద్నాలుగు అయిపోయాయి, ఇంకెంత, ఎనభై ఆరే.’ కథలో పెళ్లికూతురు నూతిలో దూకింది. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

కన్సిస్టెన్సీ అండీ, కన్సిస్టెన్సీ. ప్రతిభ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు, చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలన్న నియమం అసలే లేదు. రోజూ రావాలి. వచ్చి సంతకం పెట్టాలి. గవర్నమెంటు ఆఫీసుల్లో కూడా ఇంత పట్టింపు చూడలేదు నేను.

ఈ ఛాలెంజ్ నడిపే కోచ్‌గారి లెక్క మీరు వినే ఉంటారు. రోజుకు ఒక్క శాతం మెరుగైతే చాలు, ఏడాది తిరిగేసరికి ముప్పై ఏడు రెట్లు మెరుగవుతాం. 2018లో ‘అటామిక్ హ్యాబిట్స్’ పుస్తకం వచ్చాక ఈ లెక్క ఎక్కని వేదిక లేదు. గుణకారం వరకూ తప్పేమీ లేదు. 1.01ని 365 సార్లు హెచ్చవేసుకుంటూ పోతే 37.78 వస్తుంది. వడ్డీకి వడ్డీ. మన ఊళ్లలో అప్పులిచ్చే షావుకార్లకు ఇది ఎప్పట్నుంచో తెలుసు. కాకపోతే దాన్ని సాహిత్యానికి వాడాలన్న ఆలోచన పాపం వాళ్లకు రాలేదు.

సరే, ఒక కవి ఉన్నాడనుకోండి. ఇవాళ వెన్నెల మీద కవిత రాశాడు. రేపటిది దానికన్నా ఒక శాతం మెరుగ్గా ఉండాలి. ఏది పెంచాలి? వెన్నెలనా? ఇవాళ ప్రాస మూడు చోట్ల కుదిరితే రేపు మూడు పాయింట్ సున్నా మూడు చోట్ల కుదరాలా? కథకుడైతే ఇంకా కష్టం. ఇవాళ్టి కథ చివర్లో చచ్చిపోయిన ముసలమ్మ రేపటి కథలో ఒక శాతం ఎక్కువగా చచ్చిపోవాలా? జూమ్‌లో ఈ సందేహమే అడిగితే, ‘నెగిటివ్‌గా ఆలోచించకండి సార్’ అని నన్ను మ్యూట్ చేశారు.

కోచ్‌గారు లెక్క ఏడాది దగ్గర ఆపేస్తారు. ఎందుకు ఆపాలి? రెండో ఏడు ముగిసేసరికి 1,427 రెట్లు. మూడో ఏటికి సుమారు 54 వేల రెట్లు. మూడేళ్లుగా ఒక్క రోజు తప్పకుండా రాస్తున్నవాళ్లను నేనెరుగుదును. ఇవాళ వాళ్లు రాస్తున్నది మొదటి రోజు రాసినదానికి 54 వేల రెట్లు మేలంటే, ఆ మొదటిది ఎంత ఘోరంగా ఉండి ఉండాలో ఒక్కసారి ఊహించండి. ఊహకు అందకపోతే ఇవాళ్టిది చదవండి, అందుతుంది.

ఈ లెక్క నన్ను నిద్రపోనివ్వక గురజాడ మీద కూడా వేసి చూశాను. ‘కన్యాశుల్కం’ 1892లో మొదట ఆడారు. 1897లో అచ్చయింది. తిరగరాసిన కూర్పు 1909లో వచ్చింది. మొదటి ప్రదర్శన నుంచి రెండో కూర్పు దాకా పదిహేడేళ్లు. రోజుకు శాతం చొప్పున కట్టుకుంటూ పోతే రెండోది మొదటిదానికన్నా ఎన్ని రెట్లు మెరుగై ఉండాలంటే, ఆ సంఖ్యలో ఇరవై ఏడు అంకెలున్నాయి. దాన్ని నోటితో ఎలా పలకాలో తొలినాళ్లలోనే తెలుగులో గణితం రాసిన పావులూరి మల్లన్నను అడగాలి.

ఆ పదిహేడేళ్లలో అసలు జరిగిందేమిటి? అచ్చై, ఆడి, పేరు తెచ్చుకున్న నాటకాన్ని ఆయన మళ్లీ ముందేసుకుని కూర్చున్నారు. ఇంచుమించు కొత్త నాటకం రాశారు. మనం ఇవాళ మధురవాణి అంటున్న మనిషి నిండుగా తయారైంది ఆ రెండో కూర్పులోనే. నడుమ డైరీలు రాసుకున్నారు, ఉత్తరాలు రాశారు, సంస్థానం పనులు చూశారు. ‘కొండుభట్టీయం’ మొదలుపెట్టి పూర్తి చేయలేదు. ‘బిల్హణీయమూ’ అంతే. మన ఛాలెంజ్ నియమాలతో చూస్తే ఆయనకు మూడో రకం సర్టిఫికెట్ కూడా అనుమానమే. శాలువా ఆయనే తెచ్చుకోవాలి.

కోచ్‌గారి తక్కిన సూత్రాల గురించి ఎక్కువ చెప్పను. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు పడుతుందన్నది 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాట చివర తోక కత్తిరిస్తే వచ్చింది. ముక్కు సరిచేయించుకున్నవాళ్లు అద్దంలో కొత్త మొహానికి అలవాటు పడ్డానికి కనీసం అన్ని రోజులు పడుతోందని ఆయన అన్నాడు. మనవాళ్లు ‘కనీసం’ ఎత్తేసి, ముక్కు ఎత్తేసి, నవల పెట్టారు. తర్వాత లండన్‌లో పరిశోధకులు మనుషుల్ని పెట్టి కొలిస్తే 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేలింది. ఇక గోడమీద క్యాలెండరు, రోజుకో ఎర్ర గుర్తు, గొలుసు తెగకూడదు అనేది అమెరికా హాస్యనటుడు సైన్‌ఫెల్డ్ చెప్పిన రహస్యమట. అది నాది కాదు మొర్రో అని ఆయనే 2014లో నవ్వుకున్నాడు.

గొలుసు తెగకూడదంటే మరి మన ఆదికవి సంగతేమిటి? రాజమహేంద్రవరంలో మొదలైన భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. తిక్కన వచ్చి, ఆగినచోటు కూడా ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. మధ్య ఖాళీని ఎర్రన పూరించేసరికి ఇంచుమించు మూడు వందల ఏళ్లు. ముగ్గురికీ కలిపి ఒక్క స్ట్రీక్ లేదు. ‘పాల్గొన్నారు.’

విశ్వనాథ పేరెత్తుతారని తెలుసు. ఎత్తారు కూడా. ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీకి ‘వేయిపడగలు’ నెల తిరక్కుండానే చెప్పేశారు కదా అని. చెప్పారనే అంటారు. ఆయన చెబుతుంటే తమ్ముడు రాశారనీ అంటారు. ఈ రెండో సగం వర్క్‌షాప్ స్లైడ్ మీద ఎందుకుండదు? పోనీ, ఆ నెలకు ముందు ఆయన పద్యాల్లో, పురాణాల్లో, పల్లెల్లో గడిపిన ఏళ్లు ఎవరు లెక్కవేస్తారు? ఆ రోజులకు అంకెలు లేవుగా.

తెల్లవారుజామున ఐదింటికే లేవాలనేవాళ్ల ఇష్టదైవం ట్రాలప్. ఆంథొనీ ట్రాలప్, ఇంగ్లండులో పోస్టాఫీసు ఉద్యోగి, నలభై ఏడు నవలలు. ఐదున్నరకల్లా బల్ల ముందు, ఎదురుగా గడియారం, పావుగంటకు 250 మాటలు. ఆయన పోయాక 1883లో వచ్చిన ఆత్మకథలో ఇదంతా దాపరికం లేకుండా ఉంది. అదే పుస్తకంలో ఇంకో సంగతీ ఉంది. ఆయన్ని పొద్దున్నే లేపి కాఫీ అందించడానికి ఒక ముసలి గుర్రపువాడు ఉన్నాడు. ఆ పనికని ఏడాదికి ఐదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడట. తన విజయానికి ఇంకెవరికన్నా అతనికే ఎక్కువ రుణపడ్డానేమోనని ట్రాలప్ స్వయంగా ఒప్పుకున్నాడు. ట్రాలప్‌కు ఆ పాటి సిగ్గుంది. ఐదింటికి లేచి రాసే మన రచయితలకు కాఫీ ఎవరు పెట్టిస్తున్నారు? నాలుగున్నరకు లేచింది ఎవరు?

‘టైం లేదు అనేది సాకు’ అని రీల్ చేశాడొకాయన. వెనకాల, ఫోకస్ సరిగ్గా లేదు గానీ, వంటింట్లో ఎవరో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. ఇద్దరు పిల్లలకు క్యారేజీలు సర్ది, మామగారి మందులు తీసిపెట్టి, బస్సు పట్టుకుని, సాయంత్రం మళ్లీ పొయ్యి దగ్గరకొచ్చి, రాత్రి పదకొండింటికి ఒక కథ సగం రాసి నిద్రపోయిన మనిషికి ‘స్ట్రీక్ పోయింది’ అని ఏడుపు మొహం బొమ్మ పంపే హక్కు వీళ్లకు ఎవరిచ్చారు? ఆవిడ రాసిన ఆ సగం కథ కోసం నేను మూడేళ్లు ఆగుతాను. ఈయన వంద కథల కోసం మూడు నిమిషాలు కూడా ఆగను.

రోజూ తప్పకుండా చేసే కళ ఈ దేశంలో కొత్తగా పుట్టిందా? నెలగంట పెట్టిన నాటి నుంచి సంక్రాంతి వెళ్లేదాకా, చలిలో, చీకటుండగానే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టి ముగ్గేసేవాళ్లను ఏ కోచ్ తయారుచేశాడు? మధ్యాహ్నానికి స్కూటర్లు తొక్కేస్తాయి, మర్నాడు మళ్లీ కొత్తది. ఒక్కరూ ‘డే 27’ అని పక్కన అంకె వేయలేదు. అయినా ఆ ముగ్గుకు కూడా సెలవుంది. ఇంట్లో మనిషి పోతే ఆ పది రోజులూ వాకిట్లో ముగ్గు పడదు. తద్దినం నాడు పడదు. వాకిలి బోడిగా ఉంటే వీధివాళ్లకు అర్థమవుతుంది, ఎవరూ అడగరు.

వీళ్ల యాప్‌కు అర్థం కాదు. మా గుంపులో ఒకాయన తండ్రి పోయిన రోజున కూడా పోస్టు పెట్టాడు. నాన్న మీద నాలుగు వాక్యాలు, పైన ‘డే 62’. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. ‘ఇదీ డెడికేషన్ అంటే’ అని నిర్వాహకుడు దాన్ని పిన్ చేశాడు. నేను ఆ మనిషిని తప్పుపట్టను. దుఃఖంలో ఎవరు ఏం చేస్తారో ఎవరికి తెలుసు. పిన్ చేసినవాడిని మాత్రం తిట్టాలి, తిడుతున్నాను. బుద్ధుందా నీకు? ఫోన్ చేసి, ‘ఒరేయ్, రాయడం ఆపి ఇంటికెళ్లు, అమ్మ దగ్గర కూర్చో’ అనే మనిషి ఒక్కడూ లేకపోయాడా అంత పెద్ద గుంపులో?

మనం ఒక రోజు రాయకపోతే ఎవరికి నష్టం? తెలుగు కథకు నష్టం లేదు. తెలుగు పాఠకుడికి, ఉన్నచోట, నష్టం లేదు. రెండు ప్రకటనల మధ్య ఖాళీని ఏదో ఒకదానితో నింపుకోవాల్సిన కంపెనీకి నష్టం. దానికి కథైనా ఒకటే, కుక్కపిల్ల వీడియో అయినా ఒకటే, రోజూ పడుతుంటే చాలు. ఆ కంపెనీ అవసరాన్ని మనకు సాధన అని పేరు మార్చి అమ్ముతున్నారు. సాధకం చేసే విద్వాంసుడు తలుపేసుకుని చేస్తాడు. ఒకే గమకాన్ని వందసార్లు పాడుతున్నప్పుడు వీధివాళ్లను పిలిచి చప్పట్లు కొట్టమనడు. రోజూ రాయండి, ఎవరొద్దన్నారు? రాసి సొరుగులో పడేయండి. నెల తర్వాత తీసి చూసి సిగ్గుపడండి. చింపండి. మళ్లీ రాయండి. రోజూ అచ్చేసుకునేవాడికి చింపే రోజు ఏది? సిగ్గుపడే తీరిక ఏది? శ్రీశ్రీ చాలావరకు 1930లలో రాసిన కవితలు ‘మహాప్రస్థానం’గా 1950లో వచ్చాయి. పట్టుమని యాభై కవితలు లేవు. ఇప్పుడైతే యాభయ్యో రోజుకి ‘హాఫ్ సెంచరీ’ అని కేకు కోసేవాళ్లు.

చదవడం సంగతి ఎత్తితే ఇంకా మండుతుంది. వందమంది వంద రోజులు రాస్తే పదివేల కథలు. చదివేదెవరు? మిగతా తొంభై తొమ్మిది మందీ కదా? వాళ్లు రేపటిది రాసుకుంటున్నారు. ‘చదవని వంద రోజులు’ అని ఎవరైనా లెక్కపెడితే ఒక్కొక్కరి స్ట్రీక్ ఏళ్లల్లో వస్తుంది. అందులో బంగారు అంచు ఎంతమందికి పడుతుందో చెప్పక్కర్లేదు.

డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు సంకలనం తెస్తారట. నిర్వాహకుడు ఫోన్ చేసి ముందుమాట అడిగాడు. కథలన్నీ పంపవయ్యా, చదివి రెండు నెలల్లో రాసిస్తాను అన్నాను.

“అన్నీ ఎందుకు గురువుగారూ, మాలో ఎవరం ఎవరివీ చదవలేదు” అన్నాడు. “రేపు పొద్దున్నకి ఇచ్చేయండి చాలు. మీకూ ఒక రోజు లెక్కలోకి వస్తుంది.”