‘రాత్రి’ని తిప్పిన ప్రొజెక్టర్ ఆత్మకథ

సత్తెనపల్లిలోని ఓ పాత సినిమా హాలు పైగదిలో ఉన్న 35 ఎంఎం ప్రొజెక్టర్ తన కథ తానే చెబుతోంది. తనను ‘ఈ యంత్రం’ అనుకోవడమే దానికి అలవాటు.

ఈ యంత్రం సెకనుకు 24 ఫ్రేముల చొప్పున సినిమాలు తిప్పింది. రెండు వేల అడుగుల రీలు 22 నిమిషాలు నడుస్తుంది. రీలు అయిపోవస్తుంటే తెర మీద కుడివైపు పై మూలన ఓ చుక్క మెరిసేది. ఆపరేటర్ చెయ్యి పక్క మిషన్ మీటకు వెళ్లేది. రెండో చుక్కకల్లా బొమ్మ అటు మారిపోవాలి, లేదంటే హాలంతా ఈలలే!

1992లో రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ వచ్చింది. ‘శివ’ తీసినాయన దెయ్యం సినిమా అనేసరికి, కల్లాల్లో మిరపకాయలు ఆరబోసినవాళ్లు సెకండ్ షోకి కదిలారు. హిందీలో ‘రాత్’గా కూడా తీసిన ఆ సినిమాకి తేజ కెమెరా, మణిశర్మ నేపథ్య సంగీతం. దెయ్యాన్ని చూపకుండానే జనాన్ని వణికించారు. సినిమా చూస్తున్న రేవతి ఖాళీ హాల్లో ఒంటరిగా మిగిలిపోయే సన్నివేశం వస్తే, కింద కూర్చున్నవాళ్లు పక్క కుర్చీల్లోకి చూసుకునేవాళ్లు. అంత గొప్ప పనితనం మళ్లీ మళ్లీ దొరకదు.

బాధంతా కథ దగ్గరే.

కొత్త ఇల్లు, చచ్చిన పిల్లి, అమ్మాయి ప్రవర్తనలో మార్పు... ప్రతి రీలూ ఓ ప్రశ్న వేస్తుంది. జవాబు వెతకడానికి ప్రేక్షకుడికి ఆధారం మాత్రం అందదు. తల్లిగా రోహిణీ హట్టంగడి, డాక్టరుగా అనంత్ నాగ్ వంటి నటులున్నా రెండో సగం సాగదీతగానే నడుస్తుంది. చిక్కుముడి వేసినవాళ్లు, విప్పే పని ఓం పురి వేసిన మంత్రగాడి పాత్రకు అప్పజెప్పారు. ఆ ఇంట్లో జరిగిన పాత హత్య సంగతి ఆఖర్లో చెబితే తెలుస్తుందే తప్ప, చూస్తూ చూస్తూ పట్టుబడదు. విశ్రాంతి దాకా ఊపిరి బిగబట్టిన హాల్లో ఆ తర్వాత కబుర్లు మొదలయ్యాయి. అది జనం తప్పు కాదు.

అదే వర్మ 2003లో ‘భూత్’ తీశారు. పాటల్లేవు, ఒక ఫ్లాటు, కొద్దిమంది మనుషులు. అక్కడా మంత్రగత్తెగా రేఖ ఉంది. కానీ ప్రశ్నలడిగే ఇన్‌స్పెక్టర్‌గా నానా పటేకర్ కూడా ఉన్నాడు. అతనితోపాటు ప్రేక్షకుడూ వెతుకుతాడు. అందుకే పట్టు సడలలేదు.

డిజిటల్ వచ్చాక ఈ యంత్రానికి పని పోయింది. ‘రాత్రి’ చూడనివాళ్లు మాత్రం తప్పక చూడండి. రేవతి నటన, తేజ కెమెరా, మణిశర్మ శబ్దం ఈనాటికీ భయపెడతాయి. కథ మాత్రం వాటికి సాటి రాలేదు.