పూలసారు

ఫాల్గుణం వస్తే బద్వేలులో రెండు బయటికొస్తాయి: ఎండ, పూలసారు. ఉద్యోగం చేసినన్నాళ్లు తులసికోటకు చెంబెడు నీళ్లు పోసిన మనిషి కాదు. రిటైరయ్యాక కాలిఫోర్నియా కొడుకు ఒక ఫోటో పంపినాడు. కొండ కొండంతా నారింజరంగు పాపీపూలు! అక్కడ కూడా చలికాలం వానలు బాగా పడితేనే అట్లా పూస్తుందన్న సంగతి ఫోటోలో కనబడదు కదా. మన సగిలేటి గట్టున ఎందుకుండదని పట్టుబట్టినాడు.

నెత్తిన టోపీ, భుజాన సంచీ, చేతిలో ఫోను. నడుం వంచి ఏటి ఇసుక గాలిస్తుంటాడు. ఉంగరమేదో పడిపోయిందనుకొని దారినపోయేవాళ్లు కూడా కాసేపు వంగుతారు. దొరికేది పల్లేరుముల్లు.

లంకమల కొండల అంచున మేకలాయన అడిగినాడు: "ఏం ఎతుకుతాండారు సార్?"

"అడవిపూలు."

"తలకాయెత్తి చూడండి."

ఒక్క ఆకైనా లేని కొండగోగు, కొమ్మకొమ్మకూ పసుపు పూలతో నిలబడి ఉంది. ఈ సీమలో వసంతం ఆకు రాల్చిన చెట్ల మీదే. నేల మీది తుమ్మిపూలు, విష్ణుక్రాంతం చూడాలంటే వాన పడాల.

"అవి చెట్టుపూలు లేవయ్యా" అని సారు మళ్లీ వంగినాడు. ఫోనుకు సిగ్నల్ లేదు. ఫోను పేరు చెప్పని పువ్వు ఆయన లెక్కలోకి రాదు.

చొక్కా పట్టుకున్న కలివిపొదను కూడా తిట్టి విడిపించుకున్నాడే గాని, దాని తెల్లపూలు చూడలేదు. కలివికోడికి పేరిచ్చిన పొద అది. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకున్న ఆ పిట్ట, 1986లో ఈ లంకమల పొదల్లోనే బయటపడింది. అభయారణ్యం వచ్చింది దానికోసమే. పిట్టను వెతికినవాళ్లు పొదను చూసినారు మరి.

ఎర్రచందనం అడవిలో సంచీతో తిరిగేవాణ్ణి ఫారెస్టోళ్లు ఊరికే వదలరు. విప్పిస్తే భూతద్దం, పెరుగన్నం, నాలుగు ఎండు కంపపూలు.

"పూలకోసం వచ్చినా నాయనా."

"ఈ సాకు ఇంతవరకూ ఎవురూ చెప్పలా సార్!"

ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలో ఉంది. "రేపు ఉగాది. వేపపూతన్నా తెచ్చినారా?"

"యాడా కనపడలేదే."

గేటు పక్కనున్న వేపచెట్టు కింద నుంచే వచ్చినాడు. ఆమె మాట్లాడకుండా ఆయన టోపీ తీసి, పచ్చడిగిన్నెలోకి దులిపింది.