సైకిలు మోటారు చాటువు – టీకా తాత్పర్య సహితం

మూలం

మేడు నెక్కవలయు, మితమైన ఖర్చుతో,
చైను తెగగరాదు, చట్ట మొప్ప,
బరువు తక్కువుండి బ్యాటరీ నిలవాలి,
అన్న! చెప్పు మోటరందు నేది?

అవతారిక

ఈ ఆటవెలదికి కర్త ఒక్కడు కాడు. హోసూరులో సైకిల్ షాపు ముందు నిలబడి బేరమాడిన ప్రతివాడూ దీన్ని ఏదో ఒక పాఠంలో చెప్పినవాడే. కాలనిర్ణయం కష్టం కాదు. బ్యాటరీ ప్రస్తావన ఉంది గనుక పెట్రోలు యుగం తర్వాతిది. 1980లో టీవీఎస్ 50 మోపెడ్ ఇదే ఊళ్లో పుట్టినప్పుడు వాట్ల గొడవ ఎవరికీ లేదు. మల్లినాథసూరి కాళిదాసుకు చేసిన ఉపకారంలో నూరో వంతైనా ఈ అడిగేవాడికి చేద్దామని ఈ టీక.

ప్రతిపదార్థం

మేడు = ఎత్తు రోడ్డును; ఎక్కవలయు = దిగకుండా, తొయ్యకుండా, ఊపిరాడుతూ పైకి చేరవలెను; మితమైన ఖర్చుతో = బావమరిది పెట్టించుకున్నదాని కంటే తక్కువలో; చైను = కాళ్ల బలాన్ని వెనక చక్రానికి చేరవేసే ఇనుప మాల; తెగగరాదు = ముఖ్యంగా చీకటి పడ్డాక, రాయకోట రోడ్డులో తెగకూడదు; చట్టము ఒప్ప = ఆర్టీవో కాదనని విధంగా; బరువు తక్కువుండి = మిద్దె మీదికి మోయగలిగినంతే ఉండి; బ్యాటరీ నిలవాలి = సిప్కాట్ పారిశ్రామికవాడలో షిఫ్టుకు పోయి రావడానికి సరిపోవాలి; అన్న = ఓ మెకానిక్కూ (వయసులో చిన్నవాడైనా ఈ పిలుపు చెల్లుతుంది); మోటరందు = మోటార్లలో; ఏది = ఏ రకం మేలు; చెప్పు = టీ తెప్పిస్తాను, సెలవియ్యి.

తాత్పర్యం

డబ్బు తక్కువ పెడతాను, పని ఎక్కువ చేయాలి, పోలీసు ఆపకూడదు, మళ్లీ నీ షాపుకు రాకూడదు అని భావం.

పాఠాంతరం

కొన్ని దుకాణాల ప్రతుల్లో ‘అమితమైన ఖర్చుతో’ అని ఉంది. గణభంగమూ జేబుభంగమూ రెండూ కలుగుతాయి గనుక గ్రాహ్యం కాదు.

విశేషాలు

‘మేడు’: పద్యంలో మొదటి పదం ఇదే కావడం యాదృచ్ఛికం కాదు. కృష్ణగిరి సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంటే హోసూరు సుమారు 900 మీటర్లు. శూలగిరి మీదుగా తొక్కుకొచ్చినవాడికి ఈ లెక్క మోకాళ్లే చెబుతాయి. మనిషి, సైకిలు, బ్యాటరీ, క్యారియర్ మీది సంచి కలిపి 100 కిలోలు అనుకుందాం. నూరు మీటర్లకు అయిదు మీటర్లు లేచే మేడు మీద గంటకు 15 కిలోమీటర్ల చొప్పున పోవాలంటే భూమ్యాకర్షణకే సుమారు 200 వాట్ల కప్పం కట్టాలి. టైరు రాపిడీ గాలీ కలిస్తే 250. కాళ్లు 75 ఇస్తే తక్కిన 175 మోటారు వంతు.

‘బ్యాటరీ నిలవాలి’: కృష్ణగిరి నుంచి హోసూరుకు ఆ నూరు కిలోలనూ ఎత్తడానికే 110 వాట్-గంటలు పడుతుంది. దూరం ఖర్చు, మోటారులో వేడిగా పోయేది వేరే. 36 వోల్టులు, 10 ఆంపియర్-గంటల లిథియం పెట్టెలో 360 వాట్-గంటలు ఉంటాయి. తొక్కేవాడికి చాలు. కాళ్లు చాచి కూర్చునేవాడికి దారిలో టీకొట్టు వెతుక్కోవడమే గతి.

‘చట్ట మొప్ప’: ఇక్కడ ప్రమాణగ్రంథం 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి, నియమం 2(యు). మోటారు ముప్పై నిమిషాల శక్తి 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాక బరువు 60 కిలోల లోపు ఉంటే అది మోటారు వాహనం కాదు. తొక్కితే సాయపడే రకమైతే, తొక్కడం ఆపగానే గానీ 25 దాటగానే గానీ మోటారు ఆగిపోవాలి.

పూర్వపక్షం

‘ఫ్రేముకు చిన్న పెట్రోలు ఇంజను బిగించి వెనక చక్రానికి రెండో చైను వేస్తే పోదా?’ అని ఒకడు శంకిస్తాడు. పోతుంది, ఎంతదూరమంటే మొదటి చెక్‌పోస్టు దాకా. ఇంజను 25 సీసీ దాటిన మరుక్షణం అది మోటారు వాహనం. రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా అన్నీ అడుగుతుంది. సైకిలు బ్రేకులకు ఆ బలాన్ని ఆపే శక్తి లేదు. కనుక త్యాజ్యం.

మతత్రయ విచారం

మిగిలినవి మూడు మతాలు.

మొదటిది ద్వైతం. మోటారు వేరు, చక్రం వేరు, మధ్యలో చైను. పెడళ్ల ఇరుసు దగ్గర కూర్చునే మిడ్ డ్రైవ్ ఇదే. గేర్లున్న సైకిలుకు ఇది దివ్యంగా ఉంటుంది, ఎందుకంటే మేడు రాగానే మోటారు కూడా చిన్న గేరులోకి దిగుతుంది. మన ఇనుప సైకిలుకు ఉన్నది ఒక్క గేరు. ఆ సుగుణం అక్కడే ఆవిరై, కాళ్ల బలమూ మోటారు బలమూ రెండూ ఒకే చైను మీద పడతాయి. ‘చైను తెగగరాదు’ అన్న కవివాక్యానికి నేరుగా విరోధం. పైగా ఈ మోటార్లు మామూలుగా 68 నుంచి 73 మిల్లీమీటర్ల వెడల్పున్న పెడళ్ల ఇరుసు గూటికి చేసినవి. పాత ఫ్రేము గూడు కొలవకుండా కొంటే మోటారు చేతిలో ఉంటుంది, సైకిలు గోడకు ఉంటుంది.

రెండోది అద్వైతం. చక్రం బొడ్డే మోటారు. మధ్యలో పళ్లచక్రాల మాయ లేదు. అరిగేది లేదు, చప్పుడు లేదు. కానీ బరువు హెచ్చు. మేడు మీద మెల్లగా తిరిగేటప్పుడు కరెంటు తాగి వేడెక్కుతుంది. బ్యాటరీ అయిపోతే తొక్కేవాణ్ని వెనక్కి లాగుతుంది.

మూడోది విశిష్టాద్వైతం. బొడ్డు ఒక్కటే, లోపల భేదం ఉంది. చిన్న మోటారు గిర్రున తిరుగుతుంది, నైలాన్ పళ్లచక్రాలు ఆ వేగాన్ని నాలుగైదు వంతులు తగ్గించి బలంగా మారుస్తాయి. లోపలే ఫ్రీవీల్ ఉంది గనుక మోటారు ఆగినా సైకిలు సైకిలుగానే నడుస్తుంది. బరువు రెండు మూడు కిలోలే. నైలాన్ పళ్లు ఎప్పటికో అరుగుతాయి, అవి మార్చుకోదగ్గవే.

ఈ వివాదం హోసూరుకు కొత్త కాదు. స్కూటర్లలో టీవీఎస్ ఐక్యూబ్ మోటారును చక్రంలోనే పెట్టింది. అదే ఊళ్లో తయారయ్యే ఏథర్ 450 మోటారును మధ్యలో పెట్టి బెల్టుతో చక్రాన్ని తిప్పిస్తోంది. ఉభయ మతాలకూ శిష్యకోటి ఉంది, రోజూ రోడ్డు మీద కనిపిస్తారు.

సిద్ధాంతం

ఒక్క గేరు సైకిలుకు వెనక చక్రంలో విశిష్టాద్వైతం, అంటే గేర్ల హబ్ మోటారు, 36 వోల్టులు, 250 వాట్ల లోపు. చైను కాళ్ల బరువే మోస్తుంది, మోటారు భారం చక్రానిది. గేర్ల సైకిలు ఉండి రోజూ నిట్టనిలువు మేడు ఎక్కేవారు మాత్రం ద్వైతం పట్టవచ్చు. అయితే చైను కొలుస్తుండాలి: ఇరవైనాలుగు లింకులు పన్నెండు అంగుళాలు ఉండాలి, పదహారో వంతు అంగుళం సాగిందా, మార్చాల్సిందే.

ఇక టీకాకారులు తరచు వదిలేసే చోటు ఒకటుంది. పాత సైకిలు వెనక రిమ్ముకు 40 కన్నాలు, ముందుదానికి 32. హబ్ మోటార్లు సాధారణంగా 36 కన్నాలవి. పాత రిమ్ము పనికిరాదు, కొత్త రిమ్ము ఖర్చు బేరంలోనే కలుపుకోవాలి. మోటారు ఇరుసు రెండు పక్కలా చదునుగా ఉంటుంది, ఆ చదునుల నడుమ మందం 10 మిల్లీమీటర్లే. మోటారు చక్రాన్ని ముందుకు తోసినంత బలంగా ఇరుసును వెనక్కి తిప్పుతుంది. ఫ్రేము చీలిక దాన్ని ఆపలేకపోతే ఇరుసు గింగిర్లు కొడుతుంది. ఇరుసు కొసనుంచి వచ్చే వైరు కట్ట మెలిపడి తెగుతుంది, ఆపై మోటారు వట్టి బరువు. టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ ఆ తిరుగుడును ఫ్రేము మీదికి మళ్లిస్తుంది. మోటారు ధరతో పోలిస్తే దాని ఖరీదు లెక్కలోకి రాదు.

ఫలశ్రుతి

ఈ పద్యం నిత్యం చదివినవారికి మోక్షం రాదు, మైలేజీ పెరగదు. డబ్బు లెక్కపెట్టే ముందు మూడు చూడండి: తొక్కడం ఆపగానే మోటారు ఆగుతోందా, పలక మీది వాట్లు 250 దాటలేదా, ఇరుసుకు టార్క్ ఆర్మ్ బిగించారా. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా టీ డబ్బులు ఇచ్చేసి పక్క షాపుకు నడవండి.